కోనసీమకు వచ్చే ముందు నీళ్ళ సంగతి కనుక్కోండి

గోదావరి డెల్టా చూడ్డానికి బయల్దేరుతున్న పాఠకులు రాసిన ఉత్తరాల్లో కొన్నింటికి ఈసారి జవాబులు. చాలామంది మ్యాపు ముందేసుకుని, కిలోమీటర్లు కూడుకుని, గంటలవారీగా ప్రోగ్రాం వేసి పంపారు. ఇక్కడ కిలోమీటర్ల కంటే ముందు అడగాల్సినవి వేరే ఉన్నాయి. కాలువలో నీళ్ళున్నాయా, ఏట్లో వరదుందా, ఇప్పుడు పోటా (సముద్రపు నీరు పైకొచ్చే వేళ) పాటా (దిగే వేళ), రేవులో పంటు (ఏరు దాటించే బల్లకట్టు) తిరుగుతోందా? ఏ ప్రశ్న తీసుకున్నా జవాబు చివరికి అటే పోతోంది, ఏమనుకోకండి.

పిల్లలకి వేసవి సెలవులు. మే రెండో వారంలో నాలుగు రోజులు వద్దామని. పచ్చటి చేలు, నిండు కాలువలు పిల్లలకి చూపించాలని ఆశ. గదులు తీసేసుకోమంటారా? (కరీంనగర్)

ఆ రెండూ చూడ్డానికే అయితే వద్దండి. మేలో ఆ రెండూ ఉండవు. డెల్టాలో వరి రెండు పంటలు, సార్వా, దాళ్వా. సార్వాకి జూన్‌లో కాలువలు వదులుతారు. జులై, ఆగస్టుల్లో నాట్లు పడతాయి, నవంబరు, డిసెంబరుల్లో కోతలు. దాళ్వా డిసెంబరు చివర్లో మొదలై ఎక్కువగా జనవరిలో నాటుతారు, ఏప్రిల్లో కోసేస్తారు. దాళ్వా కోతలు అయ్యే వేళకి ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర కాలువలకు నీళ్ళు ఆపేస్తారు. పూడికతీత, లాకుల మరమ్మతులు అన్నీ జూన్‌లో మళ్ళీ నీళ్ళు వదిలేలోపే చేసుకోవాలి. మేలో మీకు కనిపించేది బీటలు తీసిన మళ్ళు, కాలువ అడుగున బురద.

పచ్చదనం కావాలంటే రెండు అదనులున్నాయి. ఆగస్టు మధ్య నుంచి అక్టోబరు దాకా ఒకటి, ఫిబ్రవరి, మార్చి ఇంకొకటి. మొదటిదానికి ముందు వరద భయం, వెనక తుపాను భయం ఉంటాయి. అందుకని మా ఓటు ఫిబ్రవరికే. దాళ్వా చేను చిక్కగా ఉంటుంది, కాలువలో నీరుంటుంది, ఎండ ఇంకా ముదరదు. సంక్రాంతికి వచ్చేవాళ్ళలో చాలామంది ఈ లెక్క తెలియక నిరాశపడతారు. అప్పటికి సార్వా కోసేసి గడ్డిమేట్లు వేసి ఉంటారు, దాళ్వా ఇంకా నారుమళ్ళలోనో, అప్పుడే నాటిన పిలకల్లోనో ఉంటుంది. పండగ చూడాలంటే జనవరి, చేను చూడాలంటే ఫిబ్రవరి.

మే తప్ప మరో దారి లేదంటే కొబ్బరితోటల వైపు ప్లాన్ మార్చుకోండి. అంబాజీపేట, అమలాపురం, రాజోలు చుట్టుపక్కల తోటల్లో మేలోనూ నీడ ఉంటుంది. ముంజలు, మామిడిపళ్ళు దొరికేదీ అప్పుడే. ఉదయం తొమ్మిదిన్నర లోపు, సాయంత్రం నాలుగున్నర తర్వాత తిరగండి. ఇక్కడి ఎండ కరీంనగర్ ఎండలా ఉండదు. థర్మామీటరు తక్కువే చూపించినా గాల్లో తేమ వల్ల చెమట ఆరదు, ఒళ్ళు చల్లబడదు. పిల్లలు త్వరగా నీరసపడేది అందుకే. ఇంకో మాట: నీడ బాగుందని కొబ్బరిచెట్టు కింద కారు పెట్టకండి. కాయ పడితే అద్దం మిగలదు, మట్ట పడినా టాపు సొట్టే.

ఆగస్టు చివరివారానికి దిండి దగ్గర గది తీసుకున్నాం. టీవీలో ‘రెండో ప్రమాద హెచ్చరిక’ అన్నప్పుడల్లా గుండె గుభేలంటోంది. ఏం చూసి ఆగాలి, ఏం చూసి బయల్దేరాలి? (బెంగళూరు)

ముందు ఆ హెచ్చరిక ఏ ఊరిదో చూడండి. స్క్రోలింగులో ఊరి పేరు తరచూ ఎగిరిపోతుంది. భద్రాచలం దగ్గర 43 అడుగులకు మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర కొలత వేరు: 11.75 అడుగులకు మొదటిది, 13.75కి రెండోది, 17.75కి మూడోది. బ్యారేజీ నుంచి కిందికి పోయే నీరు ఆ మూడు మట్టాల్లో సుమారుగా 10, 13, 17 లక్షల క్యూసెక్కులు. డెల్టాలో ఉండేవాళ్ళకి కావాల్సింది ధవళేశ్వరం అంకె. ముందుగా తెలుసుకోవాలంటే భద్రాచలం అంకె. అక్కడ పెరిగిన నీరు ధవళేశ్వరం చేరడానికి సుమారు ఒక రోజు పడుతుంది. కాకపోతే ఒక తిరకాసుంది. శబరి నది భద్రాచలం దాటాక కూనవరం దగ్గర కలుస్తుంది. భద్రాచలంలో తగ్గుతోందని సంబరపడుతుంటే శబరి ఉరికొచ్చి ధవళేశ్వరంలో తగ్గనివ్వకపోవచ్చు. రెండు చోట్లా తగ్గుముఖం పట్టిందని విన్నాకే ‘తగ్గింది’ అనుకోండి.

మొదటి హెచ్చరికకి అటూఇటుగానే లంకలకి (ఏటి మధ్య దీవులకి) వెళ్ళే కాజ్‌వేలు మునుగుతాయి. కనకాయలంక, ఎదురుబిడియం పేర్లు అప్పుడే వార్తల్లోకి వస్తాయి. పడవలు, పంటులు ఆపేస్తారు. రావులపాలెం నుంచి అమలాపురం వెళ్ళే రోడ్డు, 216 జాతీయ రహదారి లాంటి పెద్ద దారులు ఏటిగట్లకు ఇవతల ఉంటాయి, నదుల మీద వంతెనలున్నాయి కాబట్టి మామూలు వరదకి రాకపోకలు నడుస్తూనే ఉంటాయి. 1986 ఆగస్టులో 35 లక్షల క్యూసెక్కులు వచ్చి గట్లు తెగాయి, అది వేరే సంగతి. మా సలహా ఇది. మొదటి హెచ్చరిక ఉండి నీరు తగ్గుతుంటే రండి, పడవ షికారు మాత్రం ఆశించకండి. రెండోది దాటి ఇంకా పెరుగుతుంటే వాయిదా వేసుకోండి.

గది బుక్ చేసేటప్పుడు అందరూ ఏసీ ఉందా, టిఫిను ఉందా అని అడుగుతారు. వరద రోజుల్లో అడగాల్సిన మొదటి ప్రశ్న ‘మీ ఇల్లు ఏటిగట్టుకు ఏటి వైపా, ఊరి వైపా?’ అని. ఫొటోలో గుమ్మం ముందే గోదారి కనిపించిందంటే అది చాలాసార్లు గట్టు దాటి ఏటి వైపు ఉన్న ఇల్లే అయివుంటుంది.

నరసాపురం దాకా రైల్లో వచ్చి, అక్కడ కారు అద్దెకు తీసుకుని అంతర్వేది వెళ్దామని. ఫోన్లో మ్యాపు ఏట్లోంచి గీత గీసి దగ్గరదారి అంటోంది. నమ్మొచ్చా? (హైదరాబాదు)

గీత నిజమే, దాని మీద రోడ్డు లేదు. అది నరసాపురం, సఖినేటిపల్లి మధ్య వశిష్ఠ మీద తిరిగే పంటు. మనుషుల్ని, బైకుల్ని, కార్లని కూడా దాటిస్తుంది. సరదాగా ఉంటుంది, ఎక్కమనే చెబుతాం. కాకపోతే రాత్రి తిరగదు, వరదకీ తుపాను గాలికీ ఆపేస్తారు. తిరుగు ప్రయాణంలో రైలుంటే దాని మీద ఆధారపడొద్దు. వెళ్ళేటప్పుడే ‘సాయంత్రం ఆఖరి పంటు ఎన్నింటికి?’ అని రేవులో అడిగి పెట్టుకోండి. తప్పిపోతే పాలకొల్లు మీదుగా చించినాడ వంతెన ఎక్కి, దిండి, రాజోలు చుట్టి రావాలి. గంటకు పైమాటే.

కారు ఎక్కించే పద్ధతి కొత్త డ్రైవర్లకు చెప్పాలి. ఇక్కడ ఏటికి సముద్రపు పోటుపాట్లు తగులుతాయి. పోటు మీద పంటు రేవుతో దాదాపు సమంగా ఉంటుంది. పాటు మీద కిందికి దిగి, దిగుడు బాగా ఏటవాలవుతుంది. ఎత్తు తక్కువ ఉన్న కార్లకు అడుగు రాసుకునేది ఈ పాటప్పుడే. డ్రైవరు తప్ప అందరూ ముందే దిగాలి. బరువు తగ్గితే కారు అడుగు కాస్త లేస్తుంది, ఏదైనా తేడా జరిగినా లోపల మనుషులుండరు. చక్రాలు బల్లలకు సూటిగా పెట్టి, మొదటి గేరులో ఆగకుండా ఎక్కాలి. మధ్యలో ఆగి మళ్ళీ ఎక్సలరేటర్ తొక్కితే తడిబల్ల మీద చక్రం జారుతుంది. ఎక్కాక ఇంజను ఆపి, గేరులోనే వదిలి, హ్యాండ్‌బ్రేకు వెయ్యాలి. నది మధ్యలో కార్లో కూర్చోకండి, బయట నిలబడండి.

అన్నట్టు అమలాపురానికి రైలు లేదు. ఆ ఊరికి రాజమండ్రిలో దిగి రావులపాలెం మీదుగా బస్సు ఎక్కాలి. రాజోలు, అంతర్వేది వైపైతే పాలకొల్లు గానీ నరసాపురం గానీ. యానాం, మురమళ్ళ వైపైతే కాకినాడ. ఏ వైపు చూడాలో తేల్చుకుని అప్పుడు టికెట్టు తియ్యండి.

అమ్మానాన్నలకి డెబ్భై దాటాయి. అమరావతి ఇదివరకే చూశారు. మిగిలిన నాలుగు పంచారామాలు సొంత కార్లో ఒక్కరోజులో అవుతాయా? (విజయవాడ)

అవుతాయి, వరస తప్పకపోతే. భీమవరం గునుపూడి సోమారామంతో మొదలెట్టి, పాలకొల్లు క్షీరారామం చూసుకుని, చించినాడ వంతెన మీదుగా కోనసీమలోకి దిగండి. రాజోలు, అమలాపురం, ఎదుర్లంక వంతెన దాటి యానాం, అక్కణ్నుంచి ద్రాక్షారామం, చివర సామర్లకోట. వెనక్కి తిరిగే పని లేదు. రాత్రికి రాజమండ్రిలోనో కాకినాడలోనో ఆగండి. అదేరోజు విజయవాడ తిరిగి వెళ్దామనుకుంటే పెద్దవాళ్ళకే కాదు, డ్రైవరుకీ అన్యాయం.

చిక్కంతా మధ్యాహ్నం వస్తుంది. గుళ్ళు పన్నెండు, పన్నెండున్నరకల్లా తలుపులేసి మళ్ళీ మూడు, నాలుగింటికి తీస్తాయి. భీమవరం గుళ్ళోకి ఆరింటికల్లా వెళ్ళగలిగితే పాలకొల్లు తొమ్మిదిలోపు అయిపోతుంది. ఆ మధ్యాహ్నపు ఖాళీని కోనసీమ దారికి, భోజనానికి వాడుకుంటే ద్రాక్షారామం తలుపు తీసే వేళకి అక్కడుంటారు. 

మోకాళ్ళ సంగతి కూడా చూసుకోండి. ద్రాక్షారామం, సామర్లకోట రెండు చోట్లా లింగం రెండంతస్తుల ఎత్తు. పైభాగం దర్శనానికి మెట్లెక్కాలి, ఆ మెట్లు ఇరుకు. ఎక్కలేనివాళ్ళు కింది నుంచి దణ్ణం పెట్టుకోవచ్చు. భీమవరంలో శివుడు కింద, అన్నపూర్ణమ్మ పైఅంతస్తులో. పాలకొల్లులో ఆ ఇబ్బంది లేదు, తొమ్మిదంతస్తుల గాలిగోపురాన్ని కిందినుంచి చూస్తే చాలు. సోమారామం లింగం అమావాస్యకి నలుపుగా, పున్నమికి తెల్లగా కనిపిస్తుందంటారు, కాబట్టి రంగు చూడాలనుకుంటే తిథి చూసుకు రండి. కార్తీక సోమవారాలు మాత్రం వద్దే వద్దు. ఆదివారం రాత్రి నుంచే ఆర్టీసీ ప్రత్యేక బస్సులు అయిదు క్షేత్రాలకీ వరసగా జనాన్ని దింపుతుంటాయి.

పులస తినాలని మావారి పట్టుదల. జనవరిలో వస్తున్నాం. ఎక్కడ దొరుకుతుంది? (పుణె)

జనవరిలో దొరకదండీ. దొరికితే అది పులస కాదు. ఈ చేప సముద్రంలో ఉన్నన్నాళ్ళూ విలస. వరదకి గోదారిలో ఎర్రనీరు దిగినప్పుడు గుడ్లు పెట్టడానికి ఏటికి ఎదురీదుతుంది. ఆ మంచినీళ్ళలో ఈదుతూ రుచి మారాకే పులస. ఇదంతా జులై నుంచి సెప్టెంబరు లోపు. మిగతా నెలల్లో పులస పేరుతో వడ్డించేది సముద్రపు విలసో, ఐసులో వచ్చిన ఒడిశా, బెంగాల్ సరుకో. తినడానికి అదీ బాగానే ఉంటుంది, పులస ధర ఇవ్వడమే దండగ.

సీజన్లో వచ్చినా హోటలుకెళ్ళి అప్పటికప్పుడు ఆర్డరిస్తే కుదరదు. ముందురోజే చెప్పి, చేప తూకం, మొత్తం ధర మాట్లాడుకోండి. మట్టిదాకలో సన్నసెగ మీద చింతపులుసులో వండి ఒక రాత్రి ఉంచితేనే ముక్కకి పులుసు పడుతుంది. ముళ్ళు సన్నవి, లెక్కలేనన్ని ఉంటాయి. చిన్నపిల్లలకి పెట్టొద్దు. మీవారికి జనవరిలో కొర్రమేను పులుసో, రొయ్యల ఇగురో పెట్టించండి. ఉదయం తొమ్మిదిలోపు అంబాజీపేట చేరగలిగితే పనసాకు బుట్టల్లో ఉడికించిన పొట్టిక్కలు (ఇడ్లీల్లాంటివి) వేడివేడిగా దొరుకుతాయి. పులస లేదన్న దిగులు కాస్త తీరొచ్చు.

అమెరికా నుంచి ఇద్దరు పిల్లలతో మా ఊరు, మలికిపురం దగ్గరికి వస్తున్నాం. దోమలు, నీళ్ళు, ఇంకేం చూసుకోవాలి? (టెక్సస్)

దోమలకి సాయంత్రం అయిదున్నరకల్లా పొడుగు చేతులు, పొడుగు పాంట్లు, ఒంటికి రాసే మందు, రాత్రి తెర. నీళ్ళు సీసావో కాచినవో. కొబ్బరిబొండం కళ్ళముందే కొట్టించుకు తాగితే నిశ్చింత. విరేచనాలు పట్టుకుంటే ఓఆర్ఎస్ పెద్ద పొట్లాన్ని సరిగ్గా లీటరు నీళ్ళలోనే కలపండి. గ్లాసులో సగం పొట్లం వేసి చిక్కగా ఇస్తే ఉప్పు ఎక్కువై పిల్లాడికి ఇంకా చేటు. పొట్లం లేకపోతే లీటరు కాచిన నీళ్ళకి ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు, చెంచా అంచుకి సమంగా కొలిచి. ఇక్కడ చెంచా అంటే టీ చెంచా.

ఇవన్నీ మీకు ఎవరైనా చెబుతారు. ఎవరూ చెప్పనిది రొయ్యల చెరువుల సంగతి. మీ వైపు ఊళ్ళన్నీ ఇప్పుడు చెరువులే. గట్టు మీద నడవడం పిల్లలకి ఆటలా ఉంటుంది. గట్టు లోపలివైపు జారుడు, దిగితే నిలువునా లోతు, పట్టుకోడానికి ఏమీ ఉండదు. నీళ్ళలో గాలి కలపడానికి తిరిగే ఏరియేటర్లకి కరెంటు తీగలు గట్టు మీదుగానే వెళతాయి. అతుకు తడిసినా, తొక్కు చిరిగినా షాకే. పెద్దవాళ్ళు తోడుంటేనే వెళ్ళాలి, తీగలు దాటకూడదు, నీళ్ళలో చెయ్యి పెట్టకూడదు. ఈ మూడూ రాగానే పిల్లలకి చెప్పెయ్యండి. చీకటి పడ్డాక చేలగట్ల మీదా, గడ్డిమేట్ల దగ్గరా లైటు లేకుండా తిరగొద్దు, పాములుంటాయి. కాటు పడితే కట్లు కట్టడం, కొయ్యడం, పసరు మందులు ఏవీ వద్దు. కాలు కదపనివ్వకుండా తిన్నగా ఆసుపత్రికే.

పాపికొండలు, కోనసీమ ఒకే రోజు పెట్టుకోవచ్చా? పడవ ఎక్కాలంటే భయంగానూ ఉంది. (నాందేడ్)

పెట్టుకోలేరు. పాపికొండలు ధవళేశ్వరానికి ఎగువన, కోనసీమ దిగువన. పాపికొండలకే రాజమండ్రి నుంచి పొద్దున్న బయల్దేరితే చీకటిపడే దాకా పడుతుంది. పడవలు గండి పోచమ్మ గుడి దగ్గర ఎక్కాలి. వరద రోజుల్లో నడపరు, నీరు తగ్గి అనుమతులిచ్చాకే మళ్ళీ మొదలు.

మీ భయం మంచిదే. 2019 సెప్టెంబరులో వరద మీదున్నప్పుడు కచ్చులూరు దగ్గర పడవ మునిగి చాలామంది పోయారు. ఎక్కే ముందు ఎంతమందికి అనుమతో పడవ మీద రాసి ఉందా, అందరికీ లైఫ్ జాకెట్లున్నాయా అని చూడండి. పిల్లలకి పిల్లల సైజే కావాలి, పెద్దది వేస్తే నీళ్ళలో పైకి జారి మొహం మీదికొస్తుంది. జాకెట్టు ఒళ్ళో పెట్టుకు కూర్చుంటే ఉపయోగం లేదు, క్లిప్పులన్నీ పెట్టుకోవాలి. కొండల మలుపు రాగానే ఫొటోలకోసం అందరూ ఒకే పక్కకి పరిగెత్తుతారు. మీరు కూర్చునే ఉండండి, కొండ ఎక్కడికీ పోదు.

కాకినాడ దగ్గరి కోరింగ మడ అడవుల్లో ఆ భయం తక్కువ. అక్కడ పడవ పోటు మీదే తిరుగుతుంది. పాటు వేళకి వెళ్ళినవాళ్ళు చెక్కదారి మీద నడిచి బురద, ఎండ్రకాయలు, పిట్టల్ని చూసుకు రావాలి. పోటు వేళ రోజుకి ముప్పావు గంట, గంట చొప్పున ఆలస్యమవుతుంది కాబట్టి నిన్న వెళ్ళినవాళ్ళు చెప్పిన టైము ఇవాళ పనికిరాదు.

అంతర్వేదిలో సముద్రస్నానం? (వరంగల్)

కాళ్ళు తడుపుకోండి, చాలు. నది కలిసే చోట పాటు మీద నీరు లోపలికి లాగుతుంది, అడుగున ఇసుక ఒక్కచోట నిలవదు. నిన్న మోకాలిలోతు ఉన్నచోట ఇవాళ నిలువులోతు ఉండొచ్చు. ఓడలరేవు తీరమూ అంతే. లాగేస్తే ఒడ్డుకి ఎదురీదకండి, అలిసిపోతారు. వెల్లకిలా తేలి చెయ్యెత్తి పిలవండి, లేదా ఒడ్డు వెంబడి పక్కకి ఈది లాగుడు తగ్గాక ఒడ్డుకి తిరగండి. ఏట్లో స్నానానికీ ఇదే జాగ్రత్త. ఇసుక తవ్విన గోతులు పైకి కనిపించవు.

సంక్రాంతికి జగ్గన్నతోట ప్రభలతీర్థం, వీలైతే కోడిపందేలు కూడా చూడాలి. (చెన్నై)

తీర్థం కనుమ నాడు. పదకొండు ఊళ్ళ రుద్రుల ప్రభలు (దేవుణ్ణి నిలిపి భుజాల మీద మోసే ఎత్తయిన అలంకరణ చట్రాలు) కొబ్బరితోటకి చేరతాయి. గంగలకుర్రు ప్రభలు కౌశిక కాలువ దాటి రావడం చూడాలంటే మధ్యాహ్నం పన్నెండుకల్లా అక్కడ ఉండాలి. కార్లు దూరంలోనే ఆపేస్తారు, చేలగట్ల మీద నడక. తెల్లబట్టలు, కొత్త చెప్పులు వద్దు. ప్రభ మోసేవాళ్ళ ఎదురుగా ఫోను పట్టుకు నిలబడకండి, వాళ్ళు ఆగలేరు. పందేలు చట్టరీత్యా నేరం, చూడ్డానికి దారి మేం చెప్పం. రైలు రిజర్వేషన్ 60 రోజుల ముందు తెరుచుకుంటుంది, ఆ ఉదయమే తియ్యండి. తిరుగు టికెట్టు మర్చిపోతే పండగ అయ్యాక వారం మీరు ఇక్కడే. యానాం దారిలో వెళితే అక్కణ్నుంచి సీసాలు తేకండి. అది పుదుచ్చేరి, వంతెన ఇవతల ఆంధ్ర, పట్టుకుంటే కేసు.

ఆత్రేయపురం పూతరేకులు విమానంలో నలగకుండా తేవడం ఎలా? (ముంబయి)

సూట్‌కేసులో వెయ్యొద్దు, చేతిసంచిలో పెట్టుకోండి. కొనేటప్పుడు ఆ రోజు చుట్టినవే అడగండి. దుకాణంవాళ్ళ అట్టపెట్టె పలచన, అడుగున గట్టి స్టీలు డబ్బా ఉంటే రేకు విరగదు. ఇంటికెళ్ళాక ఫ్రిజ్‌లో పెట్టకండి. నెయ్యి గడ్డకడుతుంది, బయటికి తీయగానే చెమ్మ పట్టి రేకు మెత్తబడుతుంది. మూత గట్టిగా ఉన్న డబ్బాలో బయటే ఉంచి వారం లోపు తినెయ్యండి. బెల్లంవి పంచదారవాటి కంటే ముందు మెత్తబడతాయి, వాటితో మొదలెట్టండి. తాపేశ్వరం కాజాలు కూడా కొంటే వాటిని వేరే సంచిలో, నిలువుగా. పాకం కారితే పూతరేకులూ పోతాయి, చొక్కాలూ పోతాయి.